భూమి కొనకముందే బయటికి వెళ్ళే దారి రాసుకోండి

ప్రశ్న క్లుప్తంగా: మేమిద్దరం హైదరాబాదులో ఐటీ ఉద్యోగాలు చేస్తున్నాం. ఏడేళ్ళ పాప ఉంది. మరో అయిదు కుటుంబాలతో కలిసి వికారాబాద్ వైపు పన్నెండు ఎకరాలు కొని చిన్న ఎకోవిలేజ్, అంటే ప్రకృతికి దగ్గరగా కలిసి బతికే ఊరు, కట్టుకుందామని ఆలోచన. అది కుదరకపోతే పాండిచ్చేరి పక్కనున్న ఆరోవిల్ లాంటి ఉమ్మడి ఊళ్ళో చేరిపోదామని. అక్కడి జీవితం నిజంగా ఎలా ఉంటుంది? ముందు ఏమేం చూసుకోవాలి?

సమాధానం:

మీరు అడిగిన రెండు పనులూ నేను చేశాను. 2011లో ఏడు కుటుంబాలం కలిసి భూమి కొన్నాం, మూడేళ్ళు తిరక్కుండానే విడిపోయాం. 2015 నుంచి ఆరేళ్ళు ఆరోవిల్‌లో ఉన్నాం, అత్తమామల ఆరోగ్యం బాగోక అనంతపురం వచ్చేశాం. ఒకటి చెడగొట్టుకున్నాను, ఇంకోటి వదులుకున్నాను. కాబట్టి యూట్యూబ్ వీడియోల్లో కనిపించే ఉత్సాహం నా మాటల్లో ఉండదు, ఏమనుకోకండి.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు రాసిన వివరాల్లో మట్టి ఇల్లు, సోలార్, దేశవాళీ విత్తనాలు, పాపకి చెట్లెక్కే స్వేచ్ఛ, అన్నీ ఉన్నాయి. భూమికి పెట్టే డబ్బు గురించి "అందరం సమానంగా వేసుకుంటాం" అని ఒక్క ముక్క. ఆరు కుటుంబాల్లో ఒకరు మానుకుంటే ఏమిటో లేదు. మాకూ లేదు, అప్పట్లో.

మా కథ చెప్తాను. ఊరి పేరు వద్దు. తొమ్మిదెకరాల ఎర్రనేల, ఒక బోరు, రెండు వేపచెట్లు. ఆ రోజుల్లో వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది, ఒక విడత అర్ధరాత్రి. ఒంటిగంటకో రెండింటికో త్రీ ఫేజ్ వస్తే మోటారు వెయ్యాలి. ఆటో స్టార్టర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాం. కానీ నీళ్ళు ఏ మడికి పోవాలో ఆటో స్టార్టర్‌కి తెలియదు, గట్టు తెంచి మళ్ళీ కట్టడానికి పార పట్టుకుని మనిషి నిలబడాలి. అందుకని వంతులు వేసుకున్నాం. స్టార్టర్ డబ్బా తలుపు లోపలివైపు సుద్దముక్కతో పేర్లు, పేర్ల పక్కన టిక్కులు.

ఎండాకాలం మొదట్లో ఒక రాత్రి ఒకాయన వంతు వచ్చింది. ఆయన లేవలేదు. వంగనారు మొత్తం వాలిపోయింది. పొద్దున్న ఎవరూ ఏమీ అనలేదు. టిఫిన్ల దగ్గర స్టీలు ప్లేట్లు కొంచెం గట్టిగా చప్పుడయ్యాయి, అంతే. నెల తిరిగేసరికి ప్రతివాళ్ళూ ఆ డబ్బా తలుపు తెరిచి ఎవరికెన్ని టిక్కులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చివరికి ఒక సాయంత్రం వేపచెట్టు కింద అందరం ఉండగా ఆయన భార్య అడిగింది. "మా ఆయన ఒక్క రాత్రి లేవకపోతే ఇంత చేశారు. నేను రోజూ పాతికమందికి వండుతున్నాను, నాకు టిక్కు ఏదీ?" ఎవరి దగ్గరా సమాధానం లేదు. వంటకి అసలు పట్టికే లేదు మరి. ఉన్నదల్లా మోటారుకే.

ఆ ప్రశ్నకి సమాధానం రాసుకున్నవాళ్ళు ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ట్విన్ ఓక్స్ అని 1967లో మొదలైన కమ్యూనిటీ ఉంది. సుమారు వందమంది ఉంటారు, ఆదాయం మొత్తం ఉమ్మడి. చాలా ఏళ్ళు హ్యామక్‌లు (చెట్లకి కట్టుకునే వల ఊయలలు) అల్లి, టోఫూ (సోయా పాలతో చేసే పనీరు లాంటిది) తయారుచేసి అమ్ముకుని బతికారు. మనిషికి వారానికి నలభై గంటల పైచిలుకు పని కోటా. టోఫూ మిషను దగ్గర నిలబడ్డ గంటా, గిన్నెలు తోమిన గంటా, పిల్లల్ని చూసుకున్న గంటా అక్కడ ఒకటే లెక్క. మనవాళ్ళకి ఇది కొంచెం యాంత్రికంగా అనిపిస్తుంది, "ఇంట్లో పనికి కూడా లెక్కలా?" అంటారు. అనేది ఎప్పుడూ ఆ పని చెయ్యనివాళ్ళే. మీ ఆరు కుటుంబాల్లో ఆడవాళ్ళు ఈ ఆలోచనకి ఎంత మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారో విడిగా, భర్తలు లేనప్పుడు అడగండి. మా గుంపులో భర్తలకి పల్లె కల వచ్చింది, భార్యలకి పల్లె చాకిరీ వచ్చింది.

మేం విడిపోయింది వంతుల గొడవతో కాదు, కాగితంతో. కొనేటప్పుడు "ఏడుగురి పేర్లూ ఎందుకు, ఒకరి పేరున రాయించుకుని తర్వాత చూసుకుందాం" అనుకున్నాం. పట్టాదారు పాస్‌బుక్ ఒకరి పేరున వచ్చింది. మంచివాడే, ఇప్పటికీ మంచివాడే అంటాను. రెండేళ్ళకి ఆ పక్కనుంచి రోడ్డు పడుతుందని తెలిసి ఎకరం ధర మూడింతలైంది. సరిగ్గా అప్పుడే ఒక కుటుంబం వెళ్ళిపోతామంది. వాళ్ళకి పెట్టిన డబ్బు ఇవ్వాలా, నేటి ధర ఇవ్వాలా? నేటి ధర ఇవ్వాలంటే మిగతావాళ్ళ దగ్గర లేదు, భూమి అమ్మాల్సిందే. పెట్టిన డబ్బే ఇస్తే ఆ కుటుంబం మోసపోయినట్టే కదా. రెండూ న్యాయంగానే ఉన్నాయి, అదే చిక్కు. ముందే రాసుకుని ఉంటే ఏదో ఒకటి న్యాయం అయ్యేది. చివరికి భూమి వెంచర్ వాళ్ళకి పోయింది. వేపచెట్లు రెండూ కొట్టేసి కమాను కట్టారు, దాని మీద ఏదో "గ్రీన్ విలేజ్" అని రాసుంది.

ఇది ఏడు కుటుంబాల తెలివితక్కువతనం అనుకోకండి. ఆరోవిల్ చరిత్ర అంతా పెద్ద అక్షరాల్లో ఇదే కథ. 1968 ఫిబ్రవరి 28న పాండిచ్చేరి పక్కన ఎర్రటి బీడులో మొదలైంది. 124 దేశాల మట్టిని తామరమొగ్గ ఆకారంలో ఉన్న పాత్రలో పోశారు. ఆరోవిల్‌ని స్థాపించిన అరవిందాశ్రమం శ్రీమాత రాసిన చార్టర్ (ఆశయ పత్రం) మొదటి వాక్యమే "ఆరోవిల్ ప్రత్యేకించి ఎవరిదీ కాదు, మొత్తం మానవాళిది" అని. చదవడానికి ఒళ్ళు పులకరిస్తుంది. కానీ మానవాళి పేరున రిజిస్ట్రేషన్ అవదు కదా, భూమి, నిధులు పాండిచ్చేరిలోని శ్రీ అరవిందో సొసైటీ చేతుల్లో ఉండేవి. 1973లో శ్రీమాత పోయాక నివాసులకీ సొసైటీకీ పడలేదు. గొడవ ముదిరి 1980లో కేంద్రం చట్టం చేసి నిర్వహణ తన చేతుల్లోకి తీసుకుంది. ఆ చట్టం మీద సుప్రీంకోర్టుకి వెళ్తే 1982లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది. 1988లో ఆరోవిల్ ఫౌండేషన్ చట్టం వచ్చాక ఆస్తులన్నీ ఫౌండేషన్‌వి అయ్యాయి. పైన కేంద్రం నియమించే గవర్నింగ్ బోర్డు ఉంటుంది, నివాసులకి రెసిడెంట్స్ అసెంబ్లీ ఉంటుంది.

ఈ ఇద్దరిలో చివరి మాట ఎవరిదన్న ప్రశ్న ముప్పై ఏళ్ళు నిద్రపోయి 2021 డిసెంబరులో లేచింది. ఊరి ప్లానులో ఉన్న క్రౌన్ రోడ్డు అనే వలయం రోడ్డు కోసం పొక్లెయిన్లు వచ్చి చెట్లు కూల్చాయి. కొందరు నివాసులు అడ్డంగా నిలబడ్డారు, కొందరు ప్లాను ప్రకారం నగరం కట్టాల్సిందే అన్నారు. వ్యవహారం పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, అక్కణ్ణించి సుప్రీంకోర్టుకి పోయింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, పనులకి షరతులు పెట్టిన ట్రిబ్యునల్ ఉత్తర్వును కొట్టేసింది. ఎవరిది తప్పో నేను తేల్చను, రెండు వైపులా నా స్నేహితులున్నారు. ఇప్పుడు మీరు అక్కడికి వెళ్తే ఈ విషయం మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోని పాత నేస్తాలు కనిపిస్తారు. ఈ సంగతి తెలిసే వెళ్ళండి.

మరి ఆరేళ్ళు ఎందుకున్నావంటారా? బాగుంటుంది కనక.

మేమున్న రోజుల సంగతి చెప్తాను. పొద్దున్నే లేచి టీవీఎస్ వేసుకుని ఎర్ర దుమ్ములోంచి పనికి వెళ్తాం. మావారు మట్టి ఇటుకల పని నేర్చుకున్నారు. అక్కడి ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఈ పనికి దేశమంతా పేరున్నది, శిక్షణ కూడా ఇస్తారు. మట్టిలో అయిదు శాతం దాకా సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కుతారు, బట్టీలో కాల్చే పని లేదు. నాలుగు వారాలు తడుపుతూ గట్టిపడనివ్వాలి. మధ్యాహ్నం భోజనం సోలార్ కిచెన్‌లో. దాని కప్పు మీద పదిహేను మీటర్ల వెడల్పు గిన్నె ఉంటుంది, లోపలంతా అద్దం ముక్కలు. గిన్నె కదలదు. ఎండ పడి వెనక్కి తగిలే చోటికి పైనున్న గొట్టం కదులుతూ పోతుంది, అందులో పుట్టిన ఆవిరి కింద వంటింట్లోకి దిగుతుంది. మంచి ఎండ ఉన్న రోజు దాదాపు వెయ్యి మంది భోజనానికి సాయపడుతుంది. మబ్బు పడితే బాయిలర్ వెలిగించాల్సిందే. "వంద శాతం సోలార్" అని బోర్డు పెట్టే వెంచర్ వాళ్ళని ఈ మబ్బు సంగతి అడగండి, ముఖాలు చూడాలి.

సరుకులకి పూర్ తూ అని ఒక కేంద్రం ఉంది. నెలనెలా కొంత కడతాం, కావాల్సింది తెచ్చుకుంటాం, అరల మీద ధరలుండవు. మొదటి నెల నేను భయం భయంగా తెచ్చుకున్నాను, ఎక్కువ తీసుకుంటే ఏమనుకుంటారో అని. ధర చూసి కొనే అలవాటు ఎంత లోతుగా ఉందో అక్కడ తెలిసింది.

ఇక ఇల్లు. ఇది జాగ్రత్తగా చదవండి. అక్కడ ఇల్లు మీది కాదు. కట్టుకోవడానికి డబ్బు మీరు పెట్టినా అది ఫౌండేషన్ ఆస్తి, మీరు ఉన్నన్నాళ్ళు చూసుకుంటారు. అమ్ముకుని రావడం, పిల్లలకి రాసివ్వడం ఉండవు. ఖాళీ ఇళ్ళు తక్కువ, అందుకని కొత్తవాళ్ళం హౌస్ సిటింగ్ చేస్తాం. ఎవరో ఫ్రాన్సుకో కొరియాకో ఆరు నెలలు వెళ్తే వాళ్ళింట్లో ఉండి పిల్లికి అన్నం పెట్టి, మొక్కలకి నీళ్ళు పోస్తాం. మూడేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారాం. నా సామానంతా రెండు ట్రంకుపెట్టెలు, ఒక గ్రైండరు. హైదరాబాదులో సొంత ఫ్లాటు అమ్మేసి ఆ డబ్బంతా పట్టుకుని వెళ్దామనుకుంటే మాత్రం ఆగండి. ఫ్లాటు అద్దెకిచ్చి వెళ్ళండి. అక్కడ పని చేసినందుకు నెలకి ఇచ్చే మెయింటెనెన్స్ ఒక కుటుంబానికి చాలడం కష్టం, చాలామందికి బయటినుంచి ఏదో ఒక ఆధారం ఉంటుంది. ఈ మాట పైకి ఎక్కువగా చెప్పుకోరు.

యాభైవేల మందికని ప్లాను వేసిన ఊళ్ళో యాభై ఏళ్ళు దాటాక ఉన్నది మూడువేల మూడొందల చిల్లర. అరవై దేశాల వాళ్ళున్నారు. మరి యాభై ఏళ్ళలో ఏం చేశారంటే అడవి. వానకి ఎర్రమట్టి సముద్రంలోకి కొట్టుకుపోయే చోట గట్లు కట్టి లక్షల చెట్లు పెంచారు. పెట్టినవాళ్ళు డెబ్భైల్లో తాటాకు గుడిసెల్లో ఉండి కుండలతో నీళ్ళు మోశారు. చెయ్యి పట్టుకుని అడవి చూపించే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ కోసమైనా ఒకసారి వెళ్ళాలి.

తిండి గురించి ఒక చిన్న సంగతి. మొదటి ఆరు నెలలు మేం ఒక అడవి కమ్యూనిటీలో వాలంటీర్లం. ఉమ్మడి వంట, ఉప్పూకారం తక్కువ, సొంత తిండి గదుల్లో పెట్టుకోకూడదని నియమం. నేను మంచం కింద బెల్లం ఆవకాయ జాడీ దాచాను. చీమలు పట్టించాయి. మంచం కింద నుంచి గుమ్మం దాకా బారు. రాత్రి మీటింగులో అజెండాలో మూడో అంశం నా జాడీ. సిగ్గుతో చచ్చిపోయాను. ఒక జర్మన్ కుర్రాడు జాడీ తెరిచి వేలు పెట్టి నాకి, "దీన్ని దాచడం నేరం, అందరికీ పెట్టకపోవడం ఇంకా నేరం" అన్నాడు. మరుసటి మే నెలలో అరవైమందికి సరిపడా ఆవకాయ పట్టాం. కాయలు కొట్టింది ఆ కుర్రాడే, వేలు కూడా కొట్టుకున్నాడు.

ఆ మీటింగులోనే ఒక పద్ధతి నేర్చుకున్నాను, మీకు పనికొస్తుంది. మా పాత గుంపులో అన్నీ ఏకాభిప్రాయంతోనే అనుకున్నాం. అంటే ఒక్కరు కాదంటే పని ఆగినట్టే. కంపోస్టు మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలన్న దాని మీద నాలుగు నెలలు ఆగింది, ఆ నాలుగు నెలలూ ఎక్కడికి వెళ్ళామో అడక్కండి. దీనికి విరుగుడుగా చాలా ఎకోవిలేజ్‌లు సోషియోక్రసీ అని నెదర్లాండ్స్‌లో పుట్టిన పద్ధతి వాడతాయి. వలయంగా కూర్చుంటారు, వంతుల ప్రకారం ఒక్కొక్కరే మాట్లాడతారు, మధ్యలో అందుకోకూడదు. చివర్లో "నీకిది నచ్చిందా?" అని అడగరు. "దీనివల్ల మన పనికి దెబ్బ తగులుతుందా? తగిలితే ఎలాగో చెప్పు" అంటారు. నచ్చకపోయినా దెబ్బ లేదనుకుంటే ఆరు నెలలు చేసి చూస్తారు, తర్వాత మళ్ళీ కూర్చుంటారు. మనవాళ్ళకి ఇందులో కష్టమైనది మధ్యలో అందుకోకపోవడం. నాకైతే ఏడాది పట్టింది.

పాప చదువు మీద మీకు టెన్షన్ ఎక్కువే ఉన్నట్టుంది, కానీ నా అనుభవంలో పిల్లలు పెద్దవాళ్ళకంటే తొందరగా సర్దుకుంటారు. ఆరోవిల్ బడుల్లో పరీక్షల గోల లేకుండా చదివించేవీ ఉన్నాయి, బయటి పరీక్షలకి కట్టించేదీ ఉంది. తేలాల్సింది మీ అమ్మానాన్నలూ అత్తమామల సంగతి. రాత్రి ఛాతీలో నొప్పొస్తే ఆసుపత్రి ఎంత దూరం? ముసలాయన కంపోస్టు మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోగలడా? మేం తిరిగొచ్చింది ఆ కారణంతోనే. ఆరు కుటుంబాల్లో పెద్దవాళ్ళు పన్నెండుమందో ఇరవైమందో ఉంటారు, వాళ్ళని లెక్కలో వేసుకోలేదు మీరు.

పక్క ఊరి సంగతి కూడా మీ ప్రశ్నలో లేదు. పన్నెండెకరాల చుట్టూ కంచె వేసి లోపల ప్రేమగా బతికే జనాన్ని ఊరివాళ్ళు ఏమనుకుంటారు? రిసార్టు అనుకుంటారు. నిన్నటిదాకా ఆ భూమిలో గొర్రెలు మేపుకున్నవాడు ఎక్కడికి పోవాలి? మీ పొలంలో కూలికి వచ్చే ఆమె మీ ఉమ్మడి భోజనాల బల్ల దగ్గర కూర్చుంటుందా, పక్కన విడిగా తింటుందా? ఇది తేల్చుకోకపోతే మీరు కట్టేది ఎకోవిలేజ్ కాదు, గేటెడ్ కమ్యూనిటీయే, పెంకులు మట్టివి. ఇందులో నాకు నచ్చిన ఉదాహరణ మా జిల్లాల్లోదే, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్. 1990లో కొద్దిమంది కలిసి ముప్పై ఎకరాల చిల్లర బంజరు కొని మొదలుపెట్టారు. వాళ్ళ కొండకి పచ్చదనం తెచ్చుకుని అక్కడితో ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, రైతుల కంపెనీ, కల్పవల్లి పేరుతో వేల ఎకరాల బీడు భూముల్లో అడవి, ఇవన్నీ ఊరివాళ్ళ చేతుల్లోనే నడుస్తాయి. ఒకసారి వెళ్ళి చూసి రండి. వీడియోల్లో తెగ తిరుగుతున్న శ్రీకాకుళం జిల్లా కూర్మ గ్రామం వేరే సంగతి. అక్కడివాళ్ళని కలిపి ఉంచేది భక్తి. కరెంటు లేకపోవడం ఆ భక్తిలో ఒక భాగం. ఆ భక్తి లేకుండా కరెంటు ఒక్కటే తీసేస్తే పదో రోజుకి ఇంటికొచ్చేస్తారు.

ఉమ్మడి జీతం, ఉమ్మడి ఖర్చు అని కూడా ఎక్కడో అన్నారు. వద్దు, మొదట్లోనే వద్దు. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లని ఉమ్మడి సేద్యపు ఊళ్ళుంటాయి, వాటిలో మొట్టమొదటిది దెగానియా 1910లో మొదలైంది, అందరికీ సమాన వాటా పద్ధతి తొంభై ఏళ్ళకు పైగా నడిపింది. 2007లో వాళ్ళూ పనిని బట్టి జీతం పద్ధతికి మారారు. మీరు భూమి, నీళ్ళు, ఒక పూట వంట, ఇంతవరకే ఉమ్మడి పెట్టుకోండి.

ఇప్పుడు కాగితాలు. భూమి నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా) ఉందేమో, అసైన్డ్ భూమేమో (ప్రభుత్వం పేదలకి ఇచ్చినది) ముందు చూసుకోండి. తెలంగాణలో అసైన్డ్ భూమి కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు, ఎంత తక్కువకి ఇస్తామన్నా సరే. సాగుభూమిలో ఇళ్ళు కట్టాలంటే నాలా మార్పిడి, అంటే దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం, కావాలి. ఎవరి పేరున కొనాలన్నదానికి ఒక దారి 1995 చట్టం కింద మ్యాక్స్ సొసైటీ (సభ్యులే నడుపుకునే సహకార సంఘం) పెట్టుకోవడం, లేదా అందరి పేర్లతో ఉమ్మడి రిజిస్ట్రేషన్. మీకేది సరిపోతుందో లాయరు చెప్పాలి, నేను కాదు. కానీ లాయరు దగ్గరికి వెళ్ళేలోపు మీ ఆరు కుటుంబాలు కూర్చుని తెలుగులో, మామూలు మాటల్లో ఇవి రాసుకోండి. వెళ్ళిపోయేవాళ్ళకి ఎంత ఇస్తాం, ఏ ధర లెక్కన, ఎన్ని వాయిదాల్లో? ఇల్లు కట్టుకుని ఉంటే దానికేమిటి? ఒకరు పోతే వాళ్ళ పిల్లలకి హక్కుంటుందా, డబ్బే వస్తుందా? భార్యాభర్తలు విడిపోతే ఇద్దరిలో ఎవరుంటారు? ఒకర్ని మిగతావాళ్ళు పొమ్మనొచ్చా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర గదిలో నిశ్శబ్దం వస్తుంది. దాన్ని భరించి రాయండి. అక్కడే లేచి వెళ్ళిపోయే కుటుంబం ఉంటే వాళ్ళని ఆపకండి, ఇప్పుడు వెళ్తే స్నేహమైనా మిగులుతుంది.

ఇదంతా అయ్యాక కూడా చెయ్యాలనిపిస్తే, కొనకండి ఇంకా. ఎక్కడైనా ఒక కమ్యూనిటీలో మూడు వారాలు వాలంటీర్లుగా ఉండి రండి. డిసెంబరులో వద్దు, అప్పుడు అందరికీ నచ్చుతుంది. మే నెలలో వెళ్ళండి. అంట్లు తోమండి, వాళ్ళ మీటింగులో మూలన కూర్చుని వినండి. అక్కణ్ణించి వెళ్ళిపోయినవాళ్ళ నంబరు అడిగి తీసుకుని వాళ్ళతోనూ మాట్లాడండి. పాపని తప్పకుండా తీసుకెళ్ళండి. రెండు జతల చెప్పులు పెట్టండి, ఒక జత ఎలాగూ కుక్క ఎత్తుకుపోతుంది.